మూడూర్లు కొట్లాడిన కిరాయిదారు

"ఒక్కతి ఆడమనిషికి రూము కిరాయికియ్యం" అని కౌసల్యమ్మ ముందుగాలనే చెప్పింది. గా మాట విన్నంక లేచి పోవాలె. నేను లేవలే. ఇంద్రేశంల వాళ్లింటి అరుగు మీద నా చేతి మిషను దించి, పక్కన బట్టల మూట పెట్టుకొని, కోతలు కోసుడు మొదలువెట్టిన. ఆ పొద్దున్నే జిన్నారంల రూము ఖాళీ చేసిన. వాళ్ల ఇంటెన్క రూము దొరకకపోతె చీకటి పడేసరికి నాకు జాగ లేదు. ఆ సంగతి మాత్రం నోట్లకెల్లి రానియ్యలే.

"ఇయ్యకున్న పర్వలేదక్కా," అన్న. "నా పని ఏడికివోయినా నడుస్తది. కంపెనీలల్ల మందు వడగట్టె బట్టసంచులు కుడత నేను. కరెంటు అక్కరలేదు, టేబులు అక్కరలేదు. శనివారం నాడు గేటు కాడ సంచులిచ్చి బట్ట తెచ్చుకుంటె అయిపాయె. సూపర్‌వైజర్ సారే అన్నడు, 'సుమిత్రా, నువ్వు చెట్టెక్కి కుట్టినా నాకేం ఫికర్ లేదు, కుట్టు సక్కగుంటె సాలు' అని. అందరు పనున్న కాడ ఉంటరు. నేనున్న కాడికి పని వస్తది. గందుకే ఊరెంచుకునుడే నాకు పెద్ద పరేషాన్."

కౌసల్యమ్మ అత్త నర్సింహమ్మ గోడకు ఆనుకొని చింతపండుల గింజలు తీస్తున్నది. తలెత్తలే. కింద మెట్టు మీద పక్కింటి ముత్యమ్మ కూసున్నది. పాశమైలారం కంపెనీ క్యాంటీన్ల గిన్నెలు తోముతది ఆమె, అప్పుడే డ్యూటీ దిగొచ్చింది. నవ్వింది.

"మాకు ఊరెంచుకునుడన్నదే ఎరుకలేదు పిల్లా. పుట్టినం, ఉన్నం. అది గూడ ఒక పరేషానేనా?"

"కాదా వదినా? సంబంధం ఎంచినట్టే గది. నీళ్లు చూడాలె, గాలి చూడాలె, మనుషుల నోర్లు చూడాలె. ముందుగాల పాశమైలారం ఎంచుకున్న. పొద్దున కూసొని పొద్దూకే యాళ్లకు నలభై సంచులు కుట్టిన ఆడ. దారం ఒక్కపారి తెగలే."

"నలభై అయితయి లే," అన్నది కౌసల్యమ్మ.

ఒప్పుకున్నది. నాకు బలమొచ్చింది.

"అయితయక్కా. గని ఆడి వాసన మీకెరుకే గద. కొత్తల తల పలిగిపోతుండె. పది దినాలైనంక ఆ వాసనే నాకు సదువు నేర్పింది. గాలి ఇటు తిరిగిందంటె చెప్పేదాన్ని, ఇది జెరం గోలీ, ఇది దగ్గు మందు, ఇది కడుపునొప్పిది అని. ఓనాడు తొవ్వల పోయె ఇంజనీరు సారును పిలిసి, 'సార్, మీ మందు అడుగంటుతున్నది, జల్దీ పోయి మంట తగ్గియ్యుండ్రి' అన్న. చెప్పులిడిసి ఉరికిండు సారు. అటెన్క ఏమైందో ఎరుకేనా? తెల్లారి నా వాకిట్ల లైను. టై కట్టినోళ్లు, కండ్లద్దాలోళ్లు, సీసాలు చేతుల పట్టుకొని. నేను సంచి కుట్టుకుంటనే ఒక్కొక్క సీస వాసన చూసుడు, 'నీదైంది దించుకో, నీది ఇంకో గంట ఉడకాలె, నీ దాంట్ల ఉప్పెక్కువైంది' అనుడు. బీహారు పోరగాండ్లు దీదీ దీదీ అనుకుంట లైను సక్కవెట్టుడు. ఆఖరికి కంపెనీలోళ్లు ల్యాబులకు తాళాలేసిన్రు వదినా, సుమిత్ర ముక్కుండంగ ఈ మిషిన్లెందుకని."

"మా కంపెనీల ల్యాబు నిన్న గూడ తెరిసే ఉన్నది," అన్నది ముత్యమ్మ.

"నేను ఊరిడిసినంక తెరిసిన్రు."

"ముక్కుకు అంత గిరాకి ఉండంగ ఎందుకిడిసినవ్ మరి?" కౌసల్యమ్మ బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టి అడిగింది.

"సంచులు కుట్టనిస్తలేరు గదక్కా. ఎవలెంత మర్యాద ఇచ్చినా నా పని నాకు ముఖ్యం. జిన్నారం పోయిన. ఆడ కరెంటు వచ్చుడు పోవుడే. నాదేమో చేతి మిషను. పిడి తిప్పుతుంటె చక్రంకెల్లి ఎంత గాలొస్తుండెనంటె, ఇంటోళ్లు ఫ్యాను పీకి అమ్ముకున్నరు. ఓనాడు పిండిగిర్ని యాదగిరి మొత్తుకుంట వచ్చిండు, 'కరెంటు లేదు చెల్లే, పెండ్లోళ్ల శెనగలు గిర్నిల ఆగినయ్, నా పరువు పోతది' అని. ఏం చేస్తం? గిర్ని పట్టా తెచ్చి నా మిషను చక్రానికి తగిలియ్యమన్న. ఇటు సంచి కుట్టుడు, అటు పిండి పట్టుడు, రెంటికి ఇదే కుడిచెయ్యి. పిండైపోయింది గని చక్రం ఆగుతలేదు. అంత జోరు ఉత్తగ పోతదని లైన్‌మన్ వచ్చి ఓ వైరు కలిపిండు. ఊరంత బల్బులు ఎలిగినయ్. నేను సన్నకుట్టు ఏస్తె మినుకుమినుకు, పొడుగుకుట్టు ఏస్తె పగలోలె ఎలుగు."

"నువ్వు దారం మార్చేటప్పుడు ఊరంత చీకట్ల కూసున్నరా?" అన్నది ముత్యమ్మ.

"కూసున్నరు. దండోర ఏసి చెప్పెటోళ్లు, సుమిత్ర దారం మారుస్తున్నది, దీపాలు పెట్టుకోండ్రి అని."

కౌసల్యమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నవ్విందంటె సగం రూము నాదైనట్టే అనుకున్న. సగం రూముల మిషను పడుతది, మనిషి పట్టది. ఇంక పెంచిన.

"నేను జిన్నారం ఇడుస్తున్న అనంగనే ఊరోళ్లు బస్సుకు అడ్డం పండుకున్నరు. ఇది తెలిసి పాశమైలారమోళ్లు, 'ముందుగాల మా ఊరిమనిషి' అని ట్రాక్టర్లేసుకొని వచ్చిన్రు. సంగారెడ్డోళ్లేమన్న తక్కువా, 'పెద్దూరు మాది, మా కాడనే ఉండాలె' అని ఎస్టీడీ బూత్‌ల నుంచి సూపర్‌వైజర్‌కు ఫోన్ల మీద ఫోన్లు. ఒకాయన వాళ్లూరి బోరింగు నీళ్లు సీసల తెచ్చి తాగి చూడమన్నడు. ఇంకొకాయన వాళ్లూరి గాలి పాలితీన్ కవర్ల మూతి కట్టి తెచ్చిండు. మిషనును మూడు దిక్కులకెల్లి పట్టి గుంజుకున్నరు మూడూర్లోళ్లు. ఇగ ఎవల మనసు నొప్పియ్యద్దని, 'నేను బస్సులనే ఉంట, మీ అందరి ఊర్లకు వస్త' అన్న. పదకొండు దినాలు, అక్కా. పటాన్‌చెరు కెల్లి సంగారెడ్డి, సంగారెడ్డి కెల్లి పటాన్‌చెరు. కండక్టర్ ఎన్క సీటే నా ఇల్లు. కిటికీలన్నిటికి సంచులు కుట్టిన. గాలి సంచులల్ల వడగట్టి లోపలికి వస్తుండె, బయట పొగ, లోపల మల్లెపూల వాసన. దమ్ము రోగమోళ్లు టికెట్ తీస్కొని ఎక్కుతె దిగుతలేరు. డాక్టర్లు చీటీల మీద మందులు రాసుడు బందు పెట్టి బస్సు నంబరు రాసిన్రు. అటెన్క ఏమైందో ఎరుకేనా?"

"ఇంకేమైతది?" అన్నది ముత్యమ్మ. "ఇంకేం మిగిలింది అయితందుకు?"

"పొగగొట్టం మిగిలింది. ఆ దిక్కు కనవడుతది సూడు, అన్నిట్ల పెద్దది. దానికే సంచి కుట్టిన. ఇరవై తాన్ల బట్ట. మిషను సంకల పెట్టుకొని నిచ్చెనెక్కిన, కుట్టుకుంటనే ఎక్కిన. మూతికి తొడిగి తాడు బిగించిన. నల్లపొగ లోపలికి పోయి దూదోలె తెల్లగ బయటికొచ్చి, మబ్బై, వానై కొట్టింది. ఆ వానల బట్టలారేసినోళ్లకు సబ్బు అక్కర—"

"బిడ్డా," అన్నది నర్సింహమ్మ.

అప్పటిదాంక ఆమె ఒక్క మాట అనలే. చేతికంటిన చింతపండు చేట అంచుకు రాసి, నా దిక్కు చూసింది.

"మూడూర్లోళ్లు నీ కోసం కొట్లాడిరి. బస్సుకు అడ్డం పండిరి. మంచిగున్నది. మరి ఈ మిషను మోసెతందుకు ఒక్కడన్న నీ ఎంబడి రాలేదేంది?"

ముత్యమ్మ నవ్వు ఆగింది. నా కాడ జవాబున్నది. ఊరి పొలిమేర దాంక రెండు బండ్లొచ్చినయ్, నేనే మళ్లగొట్టిన అని. నాలిక మీదికొచ్చింది గూడ. గని ముసలమ్మ నా మొఖం చూస్తలేదు, అరచెయ్యి చూస్తున్నది. మిషను పిడి ఒత్తుకున్న కాడ పొక్కు లేసి పలిగి ఉన్నది.

"ఎవలు రాలేదవ్వా," అన్న. "పాశమైలారంల, ఒక్కదానివున్నవు, నలుగురు నాలుగు తీర్ల అంటున్నరని ఖాళీ చెయ్యమన్నరు. జిన్నారంల, మిషను సప్పుడుకు పసిపిల్ల నిద్ర లేస్తున్నదన్నరు. రోడ్డు మీద బస్సు దిగి నేనే మోసుకొచ్చిన. నాలుగు తావుల దించిన."

"బస్సుల పదకొండు దినాలు?" కౌసల్యమ్మ అడిగింది.

"ఇయ్యాల్నే, ఒక్కపారి. ఏడ దిగాల్నో సమజ్ గాక సంగారెడ్డి దాంక పోయి మళ్ల ఎన్కకొచ్చిన. టికెట్ తీస్కొనే."

కౌసల్యమ్మ నా మూట దగ్గరికి జరిగింది.

"నలభై సంచులు?"

"అది నిజమక్కా," అన్న. తలెత్తే అన్న. "దారం తెగలే. అది గూడ నిజమే."

కౌసల్యమ్మ నా మూట ముడి ఇప్పి ఒక సంచి తీసింది. అడుగుకుట్టు కాడ రెండు చేతుల పట్టి గట్టిగ గుంజింది. పొలం పని చేసిన చేతులవి. మళ్లోపారి గుంజింది. కుట్టు కదల్లే. సంచి మడతవెట్టి మూటల వెట్టింది.

"పని మంచిదే," అన్నది. "నేను కాదంటలేను. గని ఒక్కదానికి ఇయ్యద్దని మా ఆయన గూడ..."

"ఒక్కతెట్లయితదే?" అన్నది నర్సింహమ్మ. "మూడూర్ల జనమున్నరు దాని నోట్ల."

చేట పక్కకు జరిపి, మోకాళ్లు పట్టుకొని మెల్లగ లేసింది.

"తాళంచెయ్యి ఏడ వెట్టినవ్?"