నీలం గళ్ళ లుంగీ కొన్న దంపతులు

సబ్ ఇన్‌స్పెక్టరు గారూ, ముందు మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. మీ అమ్మాయి దాక్కున్న వీధి పేరు ఎవరో మైకులో చదివితే, నా వాంగ్మూలం పూర్తయ్యేదాకా మీరు ఆ కుర్చీలో కూర్చోగలరా?

నా పేరు మునియప్ప. వయసు యాభై మూడు. కట్టడం మేస్త్రీని. బడికి పోలేదు. శాస్త్రం నాకు నేనే చదువుకొని, శనివారాలు గుడియాత్తం భజన మందిరంలో ప్రసంగం చేస్తాను. గ్రంథం ఇప్పుడు కూడా నా సంచిలోనే ఉంది. తెలుగు తెలిసిన కానిస్టేబుల్ నారాయణ గారు నేను చెప్పినట్టే రాస్తున్నారు. ఈ రోజు 2002 జులై 16, మంగళవారం.

మా అన్న కూతురు ఆర్తి బస్టాండు దగ్గర బ్రౌజింగ్ సెంటర్ నడుపుతూ, కంప్యూటర్లోనే లుంగీలు అమ్ముతుంది. ప్రతి శుక్రవారం కొన్నవారందరికీ ఒక ఈమెయిల్ ఉత్తరం పంపుతుంది. మొదట్లో అందులో రంగులు, ధరలు మాత్రమే ఉండేవి. ఎవరూ జవాబు రాసేవారు కాదు.

"చిన్నాయనా, నీ మాటకు మందిరంలో జనం లేసి నిలబడతారే, నా లుంగీలకూ నాలుగు మాటలు చెప్పు" అంది.

నేను చెప్పాను, ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసింది. పైన ధర్మం, కింద లుంగీలు. మందిరానికి ఉభయమని చందా ఇచ్చినవారి పేరు, వీధి, ఊరు మైకులో చదివి ఆశీర్వదించడం మా ఆచారం. అదే ఉత్తరంలోనూ పెట్టించాను. తమ పేరు చూసుకోవడానికే జనం మళ్ళీ కొన్నారు. "దీన్ని పదిమందికి పంపండి, పుణ్యం" అన్న చివరి మాట కూడా నాదే. వేలూరు నుంచి, బెంగళూరు నుంచి, సింగపూరు నుంచి ఆర్డర్లు వచ్చాయి.

పోయిన శుక్రవారం ఉత్తరంలో "బాలా, పుష్పవతి దంపతులు, పిళ్ళైయార్ కోయిల్ వీధి, హోసూరు" అని వేయించాను. నీలం గళ్ళ లుంగీ కొన్నారు. వాళ్ళెవరో నాకు తెలియదు.

ఈ ఉదయం ఆర్తి పార్శిళ్ళు తీసుకొని పోస్టాఫీసుకు వెళ్ళింది. సెంటర్లో నేనొక్కణ్ణే ఉన్నాను. విరించిపురం గోపాల్ అని చెప్పుకొని ఒకాయన వచ్చాడు. చేతిలో మా ఉత్తరం అచ్చు కాగితం. బయట తెల్ల వ్యాను, లోపల మనుషులు. ఇంజను ఆపలేదు.

"సామీ, ఈ పేర్లు నిజమేనా, ఊరికే ఏసినారా?"

"మా కాడ అబద్ధం లేదు నాయనా. పార్శిలు పోయిన అడ్రసే అది."

"లుంగీ ఏ రంగు?"

"నీలం గళ్ళు. ఎన్ని తూర్లు ఉతికినా రంగు పోదు. నీకూ ఒకటి ఈమంటావా?"

"వద్దు సామీ. మనిషిని ఆనవాలు పట్టేదానికి అడిగినా."

నీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు బోర్లించి పెట్టాడు. గడప దగ్గర ఆగాడు.

"పుష్పవతి నా చెల్లెలే సామీ. మేస్త్రీ పిల్లోడితో లేసిపోయింది. దానికి పదకొండో దినం కర్మ కూడా చేసేసినాము. మిగిలింది ఒక్కటే. ఈ పొద్దు ఇంటికాడ ఉంటారా?"

"ఇల్లు మారినారు" అంటే చాలు. ప్రాణం నిలబెట్టే అబద్ధం పాపం కాదని శాస్త్రంలో ఉంది. మైకు పట్టుకొని అరిచి మరీ చెప్పినవాణ్ణి. అయినా ఆ మాట అనలేదు. నా మౌనమే ఆయనకు జవాబైంది. వ్యాను హోసూరు పోయే పళ్ళికొండ హైవే వైపు వెళ్ళింది. నీలం గళ్ళు అని చెప్పింది నేనే.

ఆర్తి రాగానే వాళ్ళకు మెయిల్ పంపింది. కానీ మా ఉత్తరం వచ్చే శుక్రవారం తప్ప మెయిల్ చూడమని వాళ్ళు ఆర్డరులోనే రాశారు. ఇంట్లో ఫోను లేదు. ఆర్డరుతో పాటు పుష్పవతి రాసిన మాట నేను ఇక్కడికి బయల్దేరే ముందు ఆర్తి చదివి వినిపించింది: "సామీ, మన ఊరి మాట కోసరం వారమంతా కాచుకోనుంటాను."

ఇందులో నేను కలిపింది లేదు, దాచింది లేదు. నారాయణ గారు చదివి వినిపించారు, విన్నాను. నాకు సంతకం వచ్చు. అక్షరాలు కూడబలుక్కొని రాసే సమయం లేదు, అందుకని వేలిముద్ర వేస్తున్నాను.

అయ్యా, నన్ను తర్వాత లోపల పెట్టండి. ముందు హోసూరు స్టేషనుకు ఫోను చేయండి. పిళ్ళైయార్ కోయిల్ వీధి. నీలం గళ్ళ లుంగీ. ఈ సిరా ఆరేదాకా ఆగకండి. ఇప్పుడే ఫోను ఎత్తండి.

(ఎడమ బొటనవేలి ముద్ర)
మునియప్ప