హద్దు దాటిన ఊపిరితిత్తులు

రావల్‌కోల్ గౌరయ్య భూముల బ్రోకరు. మేడ్చల్ బస్టాండు ఎదురుంగ ఎల్లేష్ చాయ్ హోటల్ల కూసున్నడంటె, ఆయన నోట్ల అరెకరం సుత రెండెకరాలైతది. రెండు వేల నాలుగుల, ఎండలు ముదిరిన ఒక పగటిపూట, ఊపిరితిత్తుల పరీక్ష ముచ్చట మొదలువెట్టిండు. ఒక్కకాడ నిలుస్తలేడు. కూసుంటుండు, లేస్తుండు, చాయ్ గ్లాసు ఈ చేతిలకెంచి ఆ చేతిలకు మారుస్తుండు.

"మెట్లెక్కితె జర దమ్మొస్తాందని పట్నంల దవఖానకు పోయిన, అంతే. డాక్టరమ్మ ముక్కుకు క్లిప్పు వెట్టి, నోట్ల గొట్టం వెట్టి, గట్టిగ ఊదుమన్నది. నేను మామూలుగనే ఊదిన. మిషిన్ గీసే గీత కాయిదం దాటి బల్ల మీదికి వోయింది."

"బల్ల మీదికా?" అన్నడు ఎల్లేష్, చాయ్ వడవోస్తు.

"బల్ల మీద ఆగితె మంచిగుండు! గోడెక్కింది. డాక్టరమ్మ పరేషాన్. 'ఇంకోపారి ఊదుండ్రి, ఆరు సెకండ్లు ఆపొద్దు' అన్నది. ఆరేంది, నేను అరవై ఊదిన. అప్పుడు కరెంటు లేదు, అయినా మీద ఫంఖా గిరగిర తిరుగుతాంది. ఆ తర్వాత ఏమైందో తెల్సా? ఒక మందు పీల్పిచ్చి, పావుగంట కూసోవెట్టి, మల్ల ఊదుమన్నరు. గా మందు నేను గుంజంగ గుంజంగ, పక్క రూముల రోగుల దగ్గులన్నీ నా లోపలికొచ్చినయ్. ఆళ్లందర్ని గా పొద్దే ఇంటికి వంపిన్రు!"

"మరి ఊదుడు?"

"ఊదుడా! కిటికి రెక్కలూడినయ్. నా గాలి వోయి వోయి శామీర్‌పేట చెరువుకు తగిలింది. నడి ఎండకాలం అలుగు వారింది. రైతులు పొలాలకు నీళ్లు వెట్టుకున్నరు, తెల్సా?"

ఎల్లేష్ పకపక నవ్విండు. బల్ల చివర కూసున్న అంజయ్య నవ్వలే. సూరారంల ఫ్యాక్టరీకి పోయేటోడు, మూడు బస్సులొచ్చి పోయినా ఎక్కలే. కాళ్లు ఊపుకుంట గౌరయ్య మొఖమే సూస్తుండు.

"ఇగ ఎక్స్‌రే! ఒక్క ఫిల్ముల పట్టలే, రెండు కలిపి తీసిన్రు. 'మీ ఊపిరితిత్తులు ఉండాల్సినదానికంటె పెద్దగున్నయ్' అన్నది డాక్టరమ్మ. 'హద్దు దాటితె సర్వేయరును పిలువుండ్రి' అన్న నేను. గొలుసు వట్టుకొని సర్వేయరే వచ్చిండు. కొలిస్తె పక్కటెముకలు దాటి మూడు గుంటల జాగ ఎక్కువ తేలింది! రోగం పేరు సుత రాసిచ్చిన్రు, ఎంఫిసీమా అని, మైల్డ్ అని. వందకు ఎనభై రెండొచ్చినయ్. బళ్లె సుత నాకు గన్ని మార్కులు రాలే. ఇగ గా మూడు గుంటల నేను ప్లాట్లు జేసి..."

"అన్నా," అన్నడు అంజయ్య. "మస్తు జెప్పినవ్. రేపు నాకు గదే పరీక్ష. మూడొద్దులసంది ముద్ద దిగుతలేదు. గీతలు గోడెక్కుడు ఇడ్సిపెట్టు. ఆడ నిజంగ ఏమైతదో జెప్పు."

ఎల్లేష్ నవ్వు ఆగిపోయింది. గౌరయ్య మెల్లగ గ్లాసు కింద వెట్టి, అంజయ్య పక్కకొచ్చి కూసున్నడు.

"ఏంగాదుర. సూదుల్లేవు, నొయ్యదు. నాకు మొదటిపారి దగ్గొచ్చింది. రెండోపారి సుత దగ్గే. మూడోపారికి మంచిగ ఊదిన."

"ఎనభై రెండంటె ఏంది?"

"మొదటి సెకండ్ల ఎంత గాలి బయటికొస్తదో గది. నా వయసు, నా ఎత్తు మనిషికి వంద అనుకుంటె, నాకు ఎనభై రెండు. గది పర్వలేదంట. గాని మొత్తం ఊదిన గాలిల వందకు డెబ్బై వంతులన్న మొదటి సెకండ్లనే రావాలె. నాకు అరవై నాలుగే. మందు పీల్చినంక సుత గంతే."

"మరి పెద్దగున్నయంటివి?"

"పెద్దగుంటె గొప్ప గాదుర. పిల్లలు ఊదే పాత రబ్బరు బుగ్గ లెక్క సాగినయ్. లోపలికి వోయిన గాలి జల్దీ బయటికి రాదు."

"నయమైతదా అన్నా?"

"సాగింది మల్ల దగ్గరికి రాదంట. మిగిలింది కాపాడుకోవచ్చు. దమ్మొస్తె పీల్చే మందు ఇచ్చింది, రోజు నడువుమన్నది. అన్నిటికంటె పెద్ద మందు బీడి బంద్ జేసుడే అన్నది. తాగుకుంటవోతె గీ మైల్డ్ గిట్లనే ఉండదంట." గౌరయ్య గొంతు తగ్గింది. "కాయిదం వట్టుకొని దవఖాన మెట్ల మీద కూసొని ఏడ్సిన. మా ఇంటామె సత్తమ్మకు సుత ఇంక జెప్పలే."

"బంద్ జేసినవా?"

"పదకొండు దినాలైంది. నోరు ఊకుంటె చెయ్యి జేబులకు వోతాంది. గందుకే పొద్దటిసంది గిట్ల ఒర్రుతున్న."

సూరారం బస్సు ఇంకోటొచ్చి ఆగింది. అంజయ్య లేసి, ఎక్కకుంట నిలవడ్డడు.

"రేపు నా ఎంబడి వస్తవా అన్నా?"

"ఏడుగొట్టంగ ఈడ్నే ఉంట. పొట్ట నిండ తినకు. వదులు అంగి తొడుక్కో. పొద్దుగాల బీడి ముట్టకు." జేబులకు వోతున్న చెయ్యి గౌరయ్య ఎనుకకు గుంజుకున్నడు. "దగ్గొస్తె సిగ్గువడకుర. మల్ల ఊదుమంటరు, అంతే."