మూలుగ బొక్క

మోండా మార్కెట్‌లో తుకారాం ఉల్లిగడ్డల కొట్టు. మూతికి ఉన్న మాస్కు కిందికి లాక్కుని తుకారాం పాయా తాగుతున్నాడు. ఎదురుగా తమ్ముడు రాఘవేందర్, ఆటో బయట ఆపి వచ్చినవాడు. చెప్పీ చెప్పీ అతని ఓపిక అడుగంటింది.

"మళ్ల పాయానా? మేక మూలుగ తింటే నీ బొక్కల్ల మూలుగ పుడ్తదా అన్నా?"

"మీ వదిన పొద్దుగాల్నే లేశి చేసింది. పారబొయ్యాల్నా?"

"అప్లాస్టిక్ అనీమియా అంటే ఏందో ఎన్నిసార్లు చెప్పాలె? రక్తం తయారుచేసే కార్ఖానా నీ బొక్కల్ల బందైంది. కార్ఖానానే బందుంటే సామాను ఎంత దింపితే ఏం ఫాయిదా?"

"ఎక్కిస్తున్నరు గద, రక్తం."

"పదిహేను దినాలకే ఒడుస్తది! పండ్లు తోమితే నెత్తురు. జెర జొరమొస్తే దవాఖాన. నా మూలుగ నీకు పూరా కలిసిందని, ఎక్కిస్తే బతుకుతవని డాక్టరమ్మ చెప్పింది. సోమవారం జాయిన్ గావాలె. నువ్వేమో..."

"ఆగు, గిరాకొచ్చింది. అమ్మా, కిలో ముప్పై!"

"ఏ అమ్మ? ఈడ ఎవ్వరు లేరు. మాట మార్చకు."

"నీ నడుం బొక్కకు తూట్లు పొడుస్తరంట. రేపు ఆటో ఎట్ల నడుపుతవ్?"

"మత్తిచ్చి సూదితోని తీస్తరు. రెండ్రోజుల్ల ఇంటికొస్తా. నెలన్నరల మళ్ల ఊరుతది. ఇంకేం పరేషాన్ నీకు?"

"నాకొద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు."

"నువ్వు సస్తుంటే నన్ను సూస్కుంట కూసోమంటవా? ఒక్క కారణం చెప్పు!"

"ఎందుకు, ఎందుకు... పాణం తీస్తున్నవ్‌రా! అమ్మ ఆపరేషన్ యాదికుందా?"

"దానికీ దీనికీ ఏం?"

"రక్తం తక్కువైంది, కొడుకులను పిలువుండ్రి అన్నరు. నువ్వు జహీరాబాద్ పోయినవ్. నాది కలువలేదని అందరికి చెప్పిన."

"అవ్, కలువలే."

"అబద్ధంరా. నేను టెస్టుకే పోలే. సూదికి భయపడి ఇదే కొట్ల, గీ గోనెసంచుల ఎనక దాక్కున్న. వేరేటోళ్లది దొరికేసరికి అమ్మ పోయింది. కన్నతల్లికియ్యనోడు ఏ మొఖం పెట్టుకుని తమ్ముని తాన తీస్కోవాలె?"

రాఘవేందర్ పోయి ఆ గోనెసంచి మీద కూర్చున్నాడు.

"కారణం అడిగినవ్, చెప్పిన. ఇగ పో, ఆటో కాడికి పో."

"నాకు అప్పుడే తెలుసన్నా."

"ఏందీ? ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. నేను జహీరాబాద్ పోనే లేదు. నీ ఎనక గోనెల సందున నేను సుత దాక్కున్న. లే అన్నా, ఈసారన్న ఇద్దరం పోదాం."