ఒకే ఒక్క అభ్యంతరం

అలా గోడవైపు తిరిగి కూర్చుంటే ఎలారా తమ్ముడూ? పాటలు వరసగా పెట్టేశావు, మైకు కట్టేసే ఉంది. ఈలోపు నా మొహం చూస్తే నీ సొమ్మేం పోతుంది? కొండ మలుపులన్నీ తిరిగి తిరిగి ఇప్పుడే బస్సు దిగాను. మంచినీళ్ళు కావాలా అక్కా అని కూడా అడగలేదు నువ్వు.

సరే, కోపం. ఉండాల్సిందేలే. కానీ నా నోటి నుంచే విను. రేపు పేపర్లో చూసి తెలుసుకున్నావంటే, ఇంక ఈ రేడియో స్టేషన్ మెట్లెక్కే మొహం నాకుండదు.

ఫోన్లు, కంప్యూటర్లు, ఇంటర్నెట్టు... వీటన్నిటికీ కలిపి దేశానికో విధానం రాస్తున్నాం రమ్మని నన్ను కమిటీలో వేసినప్పుడు ఊరంతా చాటింది ఎవరు? నువ్వే కదా! వార్తల మధ్యలో "మా అక్క" అనేశావు. రేడియోలో అలా అనకూడదురా అంటే పకపకా నవ్వావు.

కొండప్రాంతం తరఫున ఒక మనిషి ఉండాలని పిలిచారట. నేనూ నమ్మాను. ఎందుకు నమ్మనూ? పొడవాటి బల్ల, మనిషికో మైకు, నా పేరు రాసిన అట్టముక్క. మొదట్లో అన్నీ మంచి మాటలేరా. ప్రతి ఊరికీ సిగ్నల్, ప్రతి బడికీ ఇంటర్నెట్. వాటిలో కొన్ని వాక్యాలు నేను రాసినవే, తెలుసా?

ఆ తర్వాత వచ్చాడు సలహాదారు. మనసులో నేనతన్ని స్లైడ్ల బాబు అనుకునేదాన్ని. తెర మీద స్లైడు పడందే దగ్గడు కూడా! ఒకరోజు ఒక స్లైడు వేశాడు, "పాత పద్ధతులకి విరామం" అని. దాని అడుగున చిన్న అక్షరాల్లో ప్రాంతీయ రేడియో కేంద్రాలు. ఇకమీదట వరద హెచ్చరికలన్నీ సెల్‌ఫోన్లకేనట.

వెంటనే నా మైకు నొక్కాను. "అయ్యా, మావైపు గట్టి వాన పడితే ముందు కరెంటు పోతుంది, దాని వెనకాలే సిగ్నలూ పోతుంది. ఏరు పొంగినప్పుడు మా జనం గట్టుమీదికి ఎక్కింది రేడియో విని" అన్నాను. గొంతు పూర్తిగా పోయేదాకా మైకు వదల్లేదు చూడు నువ్వు, ఆ వరద సంగతి. అతను ఎంతో మర్యాదగా తలూపి, "ప్రజాభిప్రాయం అడుగుతాం కదా, అందులో చూద్దాం" అన్నాడు.

ఎక్కడ అడిగారో తెలుసా? వెబ్‌సైట్లో! మాకు సిగ్నల్ లేదు మొర్రో అని చెప్పుకోవాలంటే ముందు సిగ్నల్ ఉండాలి. నవ్వావా ఇప్పుడు? లేదా... సరేలే.

అందుకే కదా, జనం మాటలు రికార్డు చేసి పంపమని నిన్నడిగింది. ఎంత తిరిగావురా! రేవులో, సంతలో, ఆస్పత్రి వరండాలో. ఆ పడవ నడిపే ఆవిడ గొంతు నాకింకా చెవిలోనే ఉంది. "మా ఆయనకి చూపు లేదు బాబూ. ఫోన్లో అక్షరాలొస్తే ఎవరు చదివి పెడతారు? నేను ఏట్లో ఉంటాను కదా" అంది.

అందరి గొంతులూ కమిటీకి వినిపించాను. గదిలో ఒక్కరు కప్పు కదిపితే ఒట్టు! పెద్దాయన, అదే మా అధ్యక్షుడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గెలిచేశాం అనుకున్నాన్రా. పిచ్చిదాన్ని.

తర్వాతి సమావేశానికి నివేదిక అచ్చేసి తెచ్చారు. "కొండప్రాంతం నుంచి అందిన అభ్యంతరాలు: ఒకటి."

ఒకటేంటండీ, ఇంతమంది మాట్లాడారు కదా అన్నాను. "ఆడియో ఫైలు ఒకటే కదా మేడమ్" అన్నాడు స్లైడ్ల బాబు. వెటకారమైనా బాగుండేది. పాపం, నిజంగానే సందేహం తీరుస్తున్నాడు!

ఒళ్ళు మండిపోయింది. సంతకం పెట్టేది లేదని లేచిపోయాను. పెద్దాయన వెనకాలే వరండాలోకి వచ్చాడు. "అమ్మా, నువ్వు కాదంటే ఇది ఈసారి సభ ముందుకి వెళ్ళదు. ఎన్నికలొస్తాయి. కొత్తవాళ్ళొచ్చి మళ్ళీ మొదటికి తెస్తారు. మీ బడుల సంగతి కూడా ఆలోచించు" అన్నాడు. బెదిరిస్తే ఎదురు తిరిగేదాన్నిరా. ఆ వయసు మనిషి నా ముందు చేతులు నలుపుకుంటూ బతిమాలాడు.

నీ కూతురు గుర్తొచ్చింది. కాలేజీ దరఖాస్తు పంపడానికి ఫోను పట్టుకుని గుట్ట గుట్టా ఎక్కింది చూడు. గడువు దాటిపోయి, సీటు పోయి, అన్నం మానేసి పడుకుంది కదరా అది. రేడియో కోసం ఇదంతా ఆపితే దానికేం చెప్పను? ఆపకపోతే ఆ పడవావిడకేం చెప్పను? నువ్వే చెప్పు!

సరే.

ఒక్క వాక్యం చేరిస్తే పెడతానన్నాను. "ఏ ప్రాంతంలోనైనా సెల్ టవర్లు వానల్లోనూ పనిచేస్తాయని తేలేదాకా అక్కడి రేడియో కేంద్రాన్ని మూయరాదు." అచ్చంగా ఇదే. పెద్దాయన సరేనన్నాడు. ఆర్థిక శాఖ వాళ్ళు మాత్రం మొహాలు చూసుకున్నారు. "మూయరాదు" అంటే చేతులు కట్టేసినట్టేనట. ఒకాయన పెన్ను మూత కూడా పెట్టేశాడు.

చివరికి నేను సంతకం పెట్టిన కాగితంలో అచ్చయిందేంటో తెలుసా? "వీలైనంతవరకు మూయకుండా చూడాలి."

వీలు ఎవరికి? ఎంతవరకు? ఇన్నేళ్ళు సర్కారు ప్రకటనలు చదివినవాడివి, నీకు నేను చెప్పాలా? వచ్చే వానలదాకా ఈ గది ఉంటే గొప్ప.

అలా చూడకు. వాళ్ళు నన్ను మోసం చేశారనే కదా అనుకుంటున్నావు? బస్సులో కూర్చుని నేనూ అదే అల్లుకున్నాను. నా వెనకాల మార్చేశార్రా అని చెబుదామని. చెబితే నమ్మేవాడివి కూడా. ఈపాటికి లేచి వచ్చి పక్కన కూర్చునేవాడివి.

ఎవరూ మార్చలేదురా.

ఆ మాట నేనే అందించాను. ఆయన పెన్ను మూత పెట్టగానే వాక్యం మొత్తం ఎగిరిపోతుందని భయమేసింది. ఎవరూ అడక్కుండానే, "పోనీ, వీలైనంతవరకు అని పెట్టుకోండి" అనేశాను. గదిలో అందరి మొహాలూ ఎలా విప్పారాయో! స్లైడ్ల బాబైతే బల్ల చుట్టూ తిరిగొచ్చి మరీ నాకు చెయ్యిచ్చాడు.

నేనూ నవ్వుతూనే ఇచ్చాను.