చదును కాలనీలో పైవీధి

నూకరత్నం అని మన కాలనీ పిల్లే, సన్యాసమ్మ కూతురు. డిగ్రీ ఆఖరేడు చదువుతోంది. వాళ్ళ కాలేజీలో పరాంకుశం సారని తెలుగు చెప్పే ఆయన, మీరంతా తలా ఒక విషయం ఎంచుకుని పరిశోధన వ్యాసం రాయాలి, సోమవారానికల్లా విషయమేంటో చెప్పండి, చెప్పనివాళ్ళకి నేనే ఇస్తాను అన్నాడంట. ఆయనిచ్చేది ఎప్పుడూ ఒకటే, గ్రంథాలయాల ఆవశ్యకత. ఏటా ఎవరో ఒకరు పోయినేటిది చూసి రాసేస్తారు. ఈ పిల్లకి అది వద్దు. ఈ పిల్లకేం కావాలంటే, తుమ్మికొండ కావాలి. రిజర్వాయరులో ములిగిపోయిన మన పాత ఊరు, అదీ. మనం సామాన్లు లారీలకెక్కించుకుని ఇక్కడికొచ్చేనాటికి ఇది తల్లి కడుపులో ఉంది. ఊరు చూసి ఎరగదు. చూసినోళ్ళకి లేని బెంగ దీనికుంది, ఏం చేస్తాం.

సారు దగ్గరికెళ్ళి, మా ఊరి మీద రాస్తానండీ అందంట. ఊరంటే చాలా పెద్దదమ్మా, తగ్గించుకో అన్నాడంట. అయితే మా వీధి మీద రాస్తానండీ అంది. ఆ వీధి నువ్వు చూశావా అన్నాడు. లేదండీ అంది. ఫొటోలున్నాయా అన్నాడు. లేవండీ అంది. మరి దేన్ని పట్టుకుని రాస్తావు, నీళ్ళనా అన్నాడంట. ఆయన మంచోడే, ఎగతాళికి కాదు, అడగాల్సిందే అడిగాడు. ఈ పిల్ల మాత్రం వదల్లేదు. ఇంటికొచ్చి ఇంటింటికీ తిరిగింది. ఒకరు మా పెరట్లో పనసచెట్టు అంటారు, ఒకరు ఏటి గాలి అంటారు, రెండు మాటలు చెప్పేసరికి కళ్ళు తుడుచుకుని, అన్నం తిన్నావా అంటారు. రాసుకోడానికి ఏముంది అందులో. నా దగ్గరికీ వచ్చిందిలే, నేనూ అదే చేశాను.

ఆదివారం ఏమైందంటే, టౌను నుంచి హేమనళిని అని స్నేహితురాలు భోజనానికొచ్చింది. సన్యాసమ్మ కూర కలుపుతూ, అమ్మా, కిందింటికెళ్ళి కాస్త మజ్జిగ అడిగి పట్రా అని గిన్నె హేమనళిని చేతికిచ్చిందంట. ఆ పిల్ల వీధిలోకొచ్చి నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది. మన కాలనీ సంగతి మీకు తెలుసు గదా, అప్పడాల పీటలా ఉంటుంది, పోసిన నీళ్ళు పోసినచోటే ఉంటాయి. ఎంతకీ రాకపోతే నూకరత్నం బయటికొచ్చి, ఏమే ఇక్కడే ఉన్నావు అంది. కిందిల్లు ఎక్కడే అంది ఆ పిల్ల. అదిగో అని ఇది చెయ్యి చూపించింది. అది కిందేంటే, పక్కిల్లు గదా అందంట. నూకరత్నం చెయ్యి అలాగే ఉండిపోయింది. మాటలొచ్చిన్నాటి నుంచీ కిందింటికి, పైవీధికి తిరుగుతోంది, ఎందుకలా అంటామో ఒక్కనాడూ అనుకోలేదు. లోపలికెళ్ళి తల్లినడిగింది. సన్యాసమ్మ గరిటె పట్టుకుని ఆలోచించి, "కొండవాలు గదే మన ఊరు. ఆళ్ళిల్లు మనకి కిందుండేది. ఇక్కడా అదే వరసలో ఇళ్ళిచ్చారు, నోటి అలవాటు పోలేదు" అందంట. చూడని ఊరి ఎత్తుపల్లాలన్నీ ఈ పిల్ల నోట్లోనే ఉన్నాయన్నమాట. ఆ పూట మజ్జిగ లేకుండానే తిన్నారంట.

సోమవారం సారు అడిగాడు. ఇది లేచి, చదునుగా ఉన్న మా కాలనీలో పైన, కింద అనే మాటలండీ అంది. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు.

"మీకు పైన అంటే ఎటమ్మా?" అన్నాడు. ఇది చెయ్యెత్తి చూపించింది.

"అటు కొండుందా?"

"లేదండీ. ఉన్నట్టు నడుస్తామండీ."

సరే, అదే రాయి అన్నాడంట.

రాసింది, మార్కులూ బాగానే వచ్చాయి. కానీ అప్పట్నుంచీ పైవీధికి వెళ్ళేటప్పుడు మోకాలి మీద చెయ్యేసుకుని, ఆగి ఆగి నడుస్తోందంట, ఈ వయసులో దీనికేం రోగమని తల్లి గోల. నాకు తెలుసు అది రోగం కాదని. నా బాధ వేరులే. మావాడు మొన్న మేడ వేశాడు. పైకి రండే అని నేను కేకేస్తే నా మనవరాళ్ళు మేడ మెట్లెక్కి అక్కడ్నుంచి, ఎక్కడున్నావే మామ్మా అని అడుగుతున్నారు. నేను పైవీధి చివర నిలబడే ఉన్నాను.