పల్చటి ప్లేటు

హలో… ఆ, నేనే, రేడియో షాపు ధనంజయ… ఎవురూ… చిన్నబ్బా? నగరి నుంచా?

…అబ్బా, ఏడాదికి అన్న గుర్తొచ్చినాడే. సెప్పు.

…రేపు నాయన సంవత్సరీకం, తెలుసు. …లే, నేను రాను. మీ అమ్మ ఉండాది, నువ్వుండావు. నాయన రెండో సంసారంలోకి నేనెందుకు అడ్డం.

…ఏ ప్లేటు? …ఓ, నాయన మదరాసుకు పోయి పద్యం పాడి, ఒక్కటంటే ఒక్కటే గ్రామఫోను రికార్డు కోయించుకున్నాడే, ఆ ప్లేటా. రేపు నలుగురికీ వినిపించాల్నా? వినిపించు, మంచిదే.

…మందం ప్లేట్లు బాగానే పాడతాండాయి, దీనిమీదే ముల్లు జారతాంది, అంతే గదా. ఇది పల్చన, అందుకే. ముల్లుండే చెయ్యిని దీనికి తగినట్టు సరిచెయ్యాల.

…ప్లేయరు ఫోను పక్కనే ఉండాదా? సరే. చెయ్యి మొదట్లో చిన్న స్క్రూ ఉంటాది సూడు, వదులు చెయ్. …ఇప్పుడు చెయ్యి మొదలును పైకెత్తు. …దించేది కాదప్పా, ఎత్తు. తిరుపతిలో ఇదే పని చేసి బతుకుతాండా, నాకు తెలీదా? …ఆ, బిగించు.

…ఇంక ముల్లు నెత్తిన రూపాయి బిళ్ళ పెట్టు. …అందరూ పెట్టేదే, ఏమీ కాదు. …ఇంకోటి పెట్టు. ఇప్పుడు పాడించు.

…జారలేదు గదా? కడదాకా పోనీ. నడాన ఎత్తొద్దు.

…ఊ. …గరగరమంటాందా. …ఊ. …అయిపోయిందా?

ఇప్పుడు ఇను. పల్చటి ప్లేటుకు చెయ్యి దించాల. నేను ఎత్తమన్నా. అది మెత్తటి ప్లేటు, ఆ బిళ్ళల బరువుకు ముల్లు దాన్ని దున్నేసుంటాది.

…తెలిసే చెప్పినా.

…ఎందుకా? పెద్దకొడుకును నేనుండంగా తలకొరివి నువ్వు పెడితివి. అంతా బూడిదైనాక నాకు కబురు పంపితిరి. నాయన మొగం నన్ను కడాసారి సూడనీలే. ఆయన గొంతు మాత్రం నీకు యాల? నీ కడుపు కూడా మండాల, అందుకే చెప్పినా.

…ఏడువు. బాగా ఏడువు.

…ఏమీ? …నాయన పోయేముందు ఈ ప్లేటు ఎవురికిమ్మన్నాడు? …పెద్దోడికా?

…రేపు క్యాసెట్టులోకి ఎక్కించుకోని, ప్లేటు నువ్వే తెచ్చి నా చేతికిద్దామనుకొంటివా. …ఫోన్ ఎత్తినప్పుడే సెప్పేదానికి ఏం రోగంరా నీకు.

…పద్యం అయినాక నన్ను పేరుపెట్టి పిలిచినాడా? అబద్ధం. …యాడ, వినిపీ.

…ఫోను దానికాడ పెట్టినావా? …గరగర తప్ప ఏమీ లే… ఉండుండు… నాయనే. నాయన గొంతే అది… నా పేరు… సగం వినపడె. మిగతాది లేదు.

…సాలు, ముల్లు ఎత్తు. ఉండే సగమూ పోతాది.

…మళ్ళా మొదట్నించి ఎందుకు పెడతాండావు? …చిన్నబ్బా, ఆ బిళ్ళలన్నా తీసెయ్. నీకన్నా పెద్దోన్ని, నీ కాళ్ళు పట్టుకుంటా, తీసెయ్.

…తియ్యవా? నాకూ దక్కనీవా?

…నేను ఇనలేను. పెట్టేస్తాండా.