చేబదులివ్వని మందు

ఈ రోజు 1970 మార్చి 31, మంగళవారం. పొద్దున బర్రె పాలు పిండి, కూలీలకు జొన్నరొట్టెలు చేసి, వాకిట్లో మిరపకాయలు ఆరబోసి, మా అత్తగారిని కాపలా కూర్చోబెట్టి ఈ సభకు వచ్చాను.

అధ్యక్షులు సర్పంచి రాజమౌళిగారికి, చేవెళ్ల నుంచి శ్రమపడి వచ్చిన డాక్టరుగారికి, పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, మొయినాబాద్ దవాఖానలో నేటితో ఉద్యోగం ముగిస్తున్న మన నర్సు శాంతమ్మగారికి నమస్కారం. నా పేరు ప్రేమమ్మ, ఎంకపల్లి సాలోమోను భార్యను. సభల్లో మాట్లాడటం అలవాటు లేదు కనుక కాగితం మీద రాసుకొచ్చాను.

నాకంటే ముందు మాట్లాడినవారంతా శాంతమ్మగారి ఓర్పును మెచ్చుకున్నారు. ఆమె ఓర్పును నేనెన్నడూ చూడలేదు. (నవ్వులు) నేను చూసింది ఆమె కోపాన్ని. ఆ కోపం వల్ల మా ఇంట్లో ఒకరు, పక్కింట్లో ఒకరు బతికారు కాబట్టి దాని గురించే చెబుతాను.

పోయిన ఏడు తొలకరి రోజుల్లో, తెలంగాణ ఉద్యమం జోరుమీదుండి బస్సులు ఒకనాడు నడిచి నాలుగు నాళ్లు నిలిచిపోతున్నప్పుడు, మా ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించి క్లోరాంఫెనికాల్ అనే గొట్టం గోలీలు రాశారు. అవి చేతికిస్తూ శాంతమ్మగారు నన్ను నిలబెట్టి చెప్పారు: ఆరు గంటలకొకటి, నిద్రలో ఉన్నా లేపి వేయాలి, జ్వరం తగ్గినా డాక్టరు చెప్పిన రోజులన్నీ పూర్తిచేయాలి, కొందరికి ఈ మందు రక్తాన్ని చెడగొడుతుంది కనుక చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, ఒంటి మీద కమిలిన మచ్చలు పడినా, గొంతు పుండైనా, మనిషి తెల్లగా పాలిపోయినా వెంటనే పరుగెత్తుకు రావాలి. "జలుబుకు, దగ్గుకు మింగే గోలీ గాదమ్మా ఇది" అన్నారు. మాకిచ్చాక దవాఖాన అల్మారాలో ఆ మందు నిండుకుంది. మళ్లీ పట్నం నుంచి రావాలంటే బస్సులు నడవాలి.

దుకాణాలు మూతబడిన ఆ రోజుల్లో మా వాడ చేబదుళ్ల మీదే బతికింది. ఉప్పు, బెల్లం, దీపాల్లోకి గ్యాసునూనె ఇంటి నుంచి ఇంటికి తిరిగేవి. ఉన్నది అడిగితే లేదనడం ఎవరికీ తెలియదు. మా ఆయనకు జ్వరం దిగిన రోజునే పక్కింటి అంతమ్మ, నెలల పసివాడైన మనవణ్ణి భుజాన వేసుకుని వచ్చింది.

"అక్కా, పిల్లగాని పెయ్యి కాలుతున్నది. బావ గోలీలల్ల రెండియ్యి. బస్సులు నడిస్తే తెచ్చిస్త."

"ఇది ఉప్పు గాదు చెల్లె, ఎట్లియ్యాలె?"

మంచం మీద నుంచి మా ఆయన అందుకున్నారు. "ఇయ్యరాదె! నాకు జ్వరం దిగింది గద. మనం మనుషులమేనా?" అదిగో, వెనక స్తంభం చాటున తల దించుకున్నది ఆయనే. (నవ్వులు)

నేను ఇయ్యనన్నాను. అన్నానే గాని ఆ పసివాడి మొహం చూడలేక నా చెయ్యి డబ్బా మీదే ఉండిపోయింది.

"నీ పెనిమిటి పానమే పానం, మా పిల్లగానిది గాదా? ఇగ నీ గడప తొక్కను" అంది అంతమ్మ.

మా ఆయన కనురెప్పలు, చిగుళ్లు చూసి పోదామని వచ్చిన శాంతమ్మగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. మొదటి దెబ్బ మా ఆయనకే.

"అన్నా, జ్వరం దిగింది, రోగం దిగలే. నడుమల ఇడిస్తే మళ్ల మీద పడ్తది. అప్పుడు మందు యాడికెల్లి తేవాలె?"

తర్వాత అంతమ్మకు. "నీకు గిట్ల ఎవ్వలు చెప్పిండ్రు? గింత పసిగుడ్డుకు ఇదేస్తే పానం మీదికొస్తది. వానికి ఏం జ్వరమో తెలువకుండ గోలీ ఎట్లేస్తవ్?"

ఆఖరున నాకు. "నువ్వేం జూస్తున్నవ్? చేబదులియ్యాలనుంటే గోలీలు గాదు, బండియ్యి!"

బండి కట్టించాను. పసివాణ్ణి ఆమె ఒడిలో పెట్టుకుని, అంతమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చేవెళ్ల తీసుకుపోయారు. వాడికి టైఫాయిడ్ కానేకాదు, చెవి లోపల చీము పట్టింది. దానికి వేరే మందు, వాడి బరువుకు తగినంతే ఇచ్చారు. డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు, తప్పు చెబితే దిద్దాలి. వాడిప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మా ఆయన సణుగుతూనే గోలీలన్నీ పూర్తిచేశారు.



అంతమ్మ మాత్రం అన్న మాట మీదే నిలబడింది. ఉప్పు కావాలన్నా మా గుమ్మం దాటి అవతలి వాడకు పోయేది. రెండు ప్రాణాలు నిలిచాయి కదా అని సర్దుకోబోయాను గానీ, పక్కింటి మనిషి మొహం తిప్పుకుని పోతుంటే రోజూ చూడటం కష్టం. చేసింది సరైనదే అని తెలిసినా ఆ కష్టం తగ్గలేదు.

ఇప్పుడు అంతమ్మ కొడుకు న్యుమోనియాకు మందు వాడుతున్నాడు. ఈ పొద్దున నేను మిరపకాయలు ఆరబోస్తుంటే అంతమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది.

"అక్కా, నిన్న మన వాడ బీరమ్మ, బిడ్డకు జ్వరమని మా కొడుకు గోలీలడగవచ్చింది. ఇయ్యలే. తిట్టుకుంట పోయింది."

"మరేం జేసినవ్?"

"ఏం జేస్త? ఆమె ఎంబడే పోయి చేవెళ్ల దవాఖానల చూపెట్టిచ్చిన. తొవ్వంతా తిట్టింది. గప్పుడు నీకెట్లుండెనో నిన్న తెలిసింది. జర జరుగు, కూసుంట. తాగనీకి నీళ్లియ్యి."

గడప దాటి వచ్చి కూర్చుంది.

శాంతమ్మగారూ, మీకు శాలువా కప్పారు, దండ వేశారు. నేను తెచ్చింది ఈ కబురొక్కటే. నిన్న మీరు మా వాడలో లేరు. అయినా అడిగిన మనిషికి మందు ఇయ్యనని చెప్పి, ఆమెను ఒంటరిగా పంపకుండా వెంట నడిచిన మనిషి మా వాడలో ఉంది. మీరు రేపటి నుంచి నిశ్చింతగా ఉండవచ్చు.

అంతమ్మకూ నాకూ మధ్య నిలిచిపోయిన మాట బాకీ నేటితో చెల్లు. ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు చెప్పుకుని కూర్చుంటాను, సెలవు.